వెనక బెంచీలో లేచిన చెయ్యి

మెషినక్కను పోయిన వారం మనం ఆమె షాపు గుమ్మంలో వదిలిపెట్టాం. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో ఎవరిదో పాత కుట్టుమిషను షటిలు, ఎదురుగా కాంట్రాక్టరు పంపిన కారు. “అమ్మగారు మిమ్మల్ని టీకి రమ్మన్నారండీ” అని డ్రైవరు చెప్పిన మాట ఆమె చెవిలో ఇంకా గింగురుమంటూనే ఉంది. ఆ ఇంటి అమ్మగారు, అంటే కాంట్రాక్టరు తల్లి, ఎవరినైనా పిలవడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు మరి. పిలిచేది ఎప్పుడూ ఆ ఇంటి మగవాళ్ళే.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. ఆ వార్డు సీటు చాలాకాలం ఒక్క ఇంట్లోనే ఉంది. కాంట్రాక్టరు తండ్రిని ఊరంతా పెద్దాయన అనేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా గెలిచేవాడు. మొదటిసారి ఆ సీటు ఆడవాళ్ళకి రిజర్వు అయినప్పుడు తన భార్యను నిలబెట్టాడు. ఆవిడ గెలిచింది, ఆయన పాలించాడు. ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆవిడ సంతకం పెట్టింది. అప్పుడు పడ్డ పేరే సంతకం పిన్ని. ఆ తర్వాత సీటు మళ్ళీ ఆయన చేతికొచ్చింది. ఆయన పోయాక రిజర్వేషను తిరిగి తిరిగి ఆ వార్డుకే వచ్చింది. కాంట్రాక్టరు తన భార్యను నిలబెడదామనుకుంటే ఆ అమ్మాయి “నా వల్ల కాదు బాబోయ్” అని పుట్టింట్లో కూర్చుంది. చేసేదిలేక ఎవరో దూరపు చుట్టం భార్యను నిలబెట్టాడు. కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ బతికే మెషినక్క ఆవిడ మీద గెలిచి కౌన్సిలరయింది.

ఇప్పుడు ఆ పదవీకాలం అయిపోవచ్చింది. రిజర్వేషను పక్క వార్డుకి మారింది, మెషినక్క వార్డు జనరలయింది. జనరలంటే మగవాళ్ళదని ఎక్కడా రాసిలేదు. కానీ ఊళ్ళో అందరూ అలాగే చదువుకున్నారు. నామినేషన్లకి రేపే ఆఖరు. మెషినక్క మళ్ళీ నిలబడతానంటోంది, కాంట్రాక్టరు నా తండ్రి సీటు నాకే అంటున్నాడు.

ఇక కథలోకి.

మెషినక్క ఆ కారెక్కలేదు. చేతులకున్న నూనె తుడుచుకుని, డ్రైవరుని పంపేసి, మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త స్కూటరు మీద బయల్దేరింది. ఆయన బస్సు డ్రైవరు. బస్సు ఎంత నెమ్మదిగా నడుపుతాడో స్కూటరూ అంతే నెమ్మదిగా నడుపుతాడు. కాంట్రాక్టరు గేటు ముందు ఆపి, ఇంజను కట్టేసి, దిగకుండా కూర్చున్నాడు.

“మీరూ రండి.”

“నేను రాను.”

“అదేంటి?”

“నేనొస్తే వాళ్ళు నాతో మాట్లాడతారే. నువ్వు టీ తాగుతూ వింటావు. నేనిక్కడే ఉంటా. కేకేస్తే వస్తా.”

మెషినక్కకి నవ్వొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఈయనకి మాటలు రావేమో అనుకునేది. రాకపోవడం కాదు, ఎక్కడ మాట్లాడకూడదో తెలిసిన మనిషి. ఊళ్ళో కొందరు కౌన్సిలరమ్మ మొగుడని వెక్కిరిస్తే, “అవునండీ, నేనే” అని చెయ్యెత్తి నమస్కారం పెడతాడు. అలాంటి మనిషి దొరికినందుకు లోపల్లోపల సంతోషపడుతూ గేటు తీసుకుని వెళ్ళింది.

హాలు పెద్దది. సోఫాలకి ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తియ్యలేదు. గోడ నిండా పెద్దాయన ఫొటోలే. రిబ్బను కత్తిరిస్తూ, మొక్క నాటుతూ, ఎవరికో శాలువా కప్పుతూ. ఒక్క ఫొటోలో మాత్రం ఆయన వెనకాల, భుజం చాటున, సంతకం పిన్ని ముఖం సగం కనిపిస్తోంది. పైన ఫ్యాను తిరుగుతూ టిక్కుటిక్కుమంటోంది. బుష్ అరిగిపోయింది అనుకుంది మెషినక్క. ఏ ఇంటికెళ్ళినా ఆమె చెవి ముందు అటే పోతుంది.

“రా అక్కా, రా. కారు పంపితే స్కూటరు మీద వచ్చావేంటి?” కాంట్రాక్టరు ఎదురొచ్చాడు. ముప్పై దాటిన మనిషి, మాట మంచిది, నవ్వూ మంచిదే. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది అదే. తిట్టేవాడైతే తిట్టి రావచ్చు.

“పిన్ని పిలిచారన్నావు. ఏరి?”

“వస్తుంది, టీ పెడుతోంది. ఈలోగా మనం రెండు మాటలు మాట్లాడుకుందాం.”

అయితే ఈ పిలుపు పిన్నిది కాదన్నమాట. మెషినక్క సోఫా చివర కూర్చుంది. ప్లాస్టిక్ చప్పుడు చేసింది.

“చూడక్కా,” అన్నాడు కాంట్రాక్టరు ముందుకు వంగి, “నువ్వు బాగా పనిచేశావు. కాదని ఎవరన్నా అంటే నేనే ఊరుకోను. ఫ్యాక్టరీకెళ్ళే ఆడవాళ్ళ కోసం కొళాయి టైము మార్పించావు. చీకటి దారిలో లైట్లు వేయించావు. కౌన్సిల్ ఆఫీసులో ఆడవాళ్ళకో బాత్రూమ్ ఉండాలని అన్నాళ్ళు ఎవరికన్నా తట్టిందా? అందుకే చెప్తున్నా. నువ్వు కౌన్సిల్లో ఉండాలి.”

“ఉంటానన్నానుగా.”

“ఉండు. కానీ పక్క వార్డులో ఉండు. అది ఇప్పుడు లేడీస్ సీటు. నువ్వు నిలబడితే నల్లేరు మీద నడకే. పార్టీ ఖర్చు, పార్టీ మనుషులు, నువ్వు కాలు బయటపెట్టక్కర్లేదు. ఇక్కడ నేను గెలుస్తా, అక్కడ నువ్వు గెలుస్తావు. ఇద్దరం చెరో పక్కన కూర్చుని ఊరు బాగుచేద్దాం.”

“పక్క వార్డులో నాకెవరు తెలుసు తమ్ముడూ? ఏ సందులో నీళ్ళు నిలుస్తాయో తెలీదు, ఎవరింట్లో పెద్దవాళ్ళు మంచాన ఉన్నారో తెలీదు. అక్కడ ఇన్నాళ్ళుగా తిరుగుతున్న ఆడవాళ్ళు లేరా? వాళ్ళ సీటు నేనెందుకు తీసుకోవాలి?”

“రిజర్వేషను ఎటు పోతే అటు పోవడమే కదక్కా. నువ్వొచ్చింది దానివల్లే.”

ఆ మాట అనేసి, కొంచెం గట్టిగా అన్నానేమో అన్నట్టు అతనే చూపు దించుకున్నాడు.

“అవును, దానివల్లే వచ్చాను,” అంది మెషినక్క. ఆమెకి అందులో సిగ్గనిపించలేదు. “అది లేకపోతే నా షాపు గడప దాటి కౌన్సిలు గడప తొక్కేదాన్ని కాదు. నాకు తెలీదా? దానికి నేనెప్పుడూ రుణపడే ఉంటాను. కానీ ఇప్పుడిది జనరల్ సీటంటున్నావు. జనరలంటే అందరిదీ అనేగా? ఆ అందరిలో నేను లేనా?”

కాంట్రాక్టరు వెనక్కి వాలాడు. మంచి మాటలు పనిచెయ్యకపోతే మనిషి పాత మాటలు తీస్తాడు.

“అక్కా, ఒక్కటడుగుతా, కోపం తెచ్చుకోకు. నువ్వు చదివింది మార్కెట్ దగ్గరి బాలికల స్కూల్లోనేగా? దాన్ని గోడౌను చేసేద్దామని కౌన్సిలంతా ఒక్కటైతే, అడ్డంపడి నిలబెట్టింది ఎవరు? మా నాన్న. స్కూలు గోడ మీద ఆయన పేరుతో రాయి కూడా ఉంది. ఆయన లేకపోతే నీ చదువు అక్కడితో సరి. ఆయన కొడుకుగా ఒక్క సీటు అడుగుతున్నా. ఆ కృతజ్ఞత కూడా లేదా నీకు?”

ఈ దెబ్బ మాత్రం తగలాల్సిన చోట తగిలింది.

మెషినక్కకి ఆ రోజులు బాగా గుర్తు. తొమ్మిదో తరగతి. లెక్కల టీచరు లోపలికొచ్చి, మ్యాపులూ గ్లోబూ తీసి అట్టపెట్టెల్లో పెట్టమంది. ఇకనుంచి హైవే అవతలి స్కూలుకి వెళ్ళాలంది. హైవే దాటి పంపే తల్లిదండ్రులు ఎంతమందుంటారు? మెషినక్క నాన్నకి కుట్టుమిషన్లు బాగుచేసే షాపుండేది. సాయంత్రం షాపులో తన పక్కన ఒక మూల శుభ్రంచేసి చిన్న స్టూలు వేశాడు. ఆ స్టూలు చూసి ఆమెకి ఏడుపొచ్చింది. మిషన్లంటే ఇష్టంలేక కాదు, అప్పుడే చదువు మానెయ్యాలా అనిపించి. తర్వాత ఏం జరిగిందో ఏమో, అట్టపెట్టెలు మళ్ళీ విప్పారు. పెద్దాయన స్కూలు నిలబెట్టాడని ఊరంతా చెప్పుకున్నారు. గెలిచాక ప్రతి మీటింగులోనూ, రిబ్బను కత్తిరించిన ప్రతిచోటా మెషినక్క ఆయన్ని తలుచుకుంటూనే ఉంది.

“నేను మర్చిపోలేదు తమ్ముడూ,” అంది. గొంతు ఆమెకే చిన్నగా వినిపించింది. “ఆయన మేలు...”

“ఆ స్కూలు మీ నాన్న నిలబెట్టలేదురా.”

ఇద్దరూ తిరిగి చూశారు. వంటింటి గుమ్మంలో సంతకం పిన్ని, చేతిలో టీ ట్రే. సన్నటి మనిషి, తెల్లబడ్డ జుట్టు గట్టిగా ముడేసుకుంది. మాట మాత్రం చాలా మామూలుగా, టీలో చక్కెర సరిపోయిందా అని అడిగినట్టుగా ఉంది.

“అమ్మా, టీ అక్కడ పెట్టి నువ్వు లోపలికెళ్ళు.”

“ఎందుకెళ్ళడం? టీకి పిలిచింది నేనని కారు పంపావుగా. పిలిచినావిడ కూర్చోకపోతే ఏం బావుంటుంది?”

ట్రే బల్ల మీద పెట్టి, కొడుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. అది పెద్దాయన కుర్చీ అని ఆ గోడ మీది ఫొటోలు చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

“తాగమ్మాయ్, చల్లారిపోతుంది,” అంది పిన్ని. మెషినక్క కప్పు తీసుకుంది కానీ తాగలేదు.

“కౌన్సిల్లో మా ఆడవాళ్ళందర్నీ వెనక బెంచీలో కూర్చోబెట్టారు,” మొదలుపెట్టింది పిన్ని. “మొదటి రోజుల మాట. మా మొగుళ్ళు వరండాలో కిటికీల దగ్గర నిలబడేవాళ్ళు. వాళ్ళు తలూపితే మేం చెయ్యెత్తాలి. లేకపోతే గమ్మునుండాలి. నా పక్కన చేపలమ్ముకునే ఆవిడ, ఆ పక్కన నర్సుపని మానేసిన ఆవిడ, ఇంకా కొంతమంది. ఒకళ్ళకొకళ్ళం తెలీదు. అయినా ఆడవాళ్ళని పక్కపక్కన అన్నాళ్ళు కూర్చోబెడితే మాట్లాడుకోకుండా ఉంటామా? ముందు మోకాళ్ళ నొప్పుల గురించి, తర్వాత పిల్లల గురించి. వాళ్ళ పిల్లలు ఆ స్కూల్లోనే చదివేవాళ్ళు. స్కూలు పోతే మా పిల్ల చదువు ఆగిపోతుంది, నాతోపాటు బుట్ట మోస్తుంది అని చేపలావిడ ముక్కు చీదుకునేది. నాకా ఆడపిల్ల లేదు. కానీ వినీవినీ ఆ పిల్లలందరూ నాకు తెలిసినట్టే అయిపోయారు.”

“అమ్మా, ఇదంతా ఇప్పుడెందుకు?” అన్నాడు కాంట్రాక్టరు.

“ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెప్తానురా? గోడౌను సంగతి కౌన్సిల్లోకి వచ్చింది. కట్టే పని మీ నాన్న స్నేహితుడిది. ఒప్పుకునేవాళ్ళ చేతులు ముందు లెక్కపెట్టారు. కిటికీలోంచి మీ నాన్న తలూపాడు. మా బెంచీలో ఎవరమూ ఎత్తలేదు. ఆయనకి నేను చూళ్ళేదనిపించిందేమో, ఇంకోసారి గట్టిగా ఊపాడు. నేను చూశాను. చూసే ఎత్తలేదు. తర్వాత వద్దనేవాళ్ళెవరన్నా ఉన్నారా అన్నాడు ఛైర్మను, ఉండరులే అని అప్పటికే కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. నా చెయ్యి లేచింది.”

ఆవిడ తన కుడిచెయ్యి వైపు చూసుకుంది, అది ఇంకెవరిదో అన్నట్టు.

“నేను ధైర్యవంతురాల్నని చెప్పుకోను. కానీ నా చెయ్యి లేవగానే చేపలావిడది లేచింది. నర్సుది లేచింది. బెంచీ బెంచీ అంతా లేచింది. ముందు వరసలో మగవాళ్ళు కొందరు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు. వాళ్ళకీ ఆడపిల్లలున్నారుగా. వాళ్ళూ మనసు మార్చుకుని ఎత్తారు. అంతే, వద్దన్న చేతులే ఎక్కువయ్యాయి, స్కూలు మిగిలింది.”

ఫ్యాను టిక్కుటిక్కుమంటోంది.

“మరి నాన్న...” అన్నాడు కాంట్రాక్టరు.

“మీ నాన్న ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే మార్కెట్టు వాళ్ళు, ఆడపిల్లల తండ్రులు వచ్చి ఆయన చేతులు పట్టుకుని, స్కూలు నిలబెట్టావయ్యా అంటే ఏం చేస్తాడు? నా భార్య నా మాట వినలేదని చెప్పుకుంటాడా? అవునన్నాడు. అనీ అనీ, కొన్నాళ్ళకి నిజంగానే తనే నిలబెట్టానని నమ్మాడు. నాకు మాత్రం ఒకటే చెప్పాడు, ఇంకోసారి చెయ్యి లేస్తే తిరిగి ఈ గడప తొక్కొద్దని. అప్పటికి నువ్వు ఒళ్ళో పిల్లాడివి. ఎక్కడికి పోను? మిగతా రోజులన్నీ సంతకాలే పెట్టాను. పెట్టిన ప్రతిసారీ స్కూలు గంట గుర్తుచేసుకునేదాన్ని. పేరు ఎవరిదైతే ఏంలే, పిల్లలు వెళ్తున్నారుగా అనుకునేదాన్ని.” కొడుకు వైపు తిరిగింది. “ఆయన చెడ్డవాడు కాదురా. నువ్వూ కాదు. అడగడం మీకు అలవాటు లేదు, అంతే.”

మెషినక్క కప్పు బల్లమీద పెట్టేసి లేచింది. ఏం చెయ్యాలో తెలియక, వెళ్ళి పిన్ని కుర్చీ పక్కన నేలమీద కూర్చుండిపోయింది. పిన్ని చెయ్యి పట్టుకుంది. ఎండిపోయి, తేలిగ్గా ఉంది ఆ చెయ్యి. ఆ చెయ్యి లేవకపోతే షాపు మూల స్టూలు మీద ఆగిపోయేది తను. ఎజెండా కాగితం చదివి ఇదేంటి అని అడిగే తెగువ వచ్చేది కాదు. తన కూతురు కాలేజీకి వెళ్ళేది కాదేమో. ఇన్నేళ్ళూ ఊరంతా తిరిగి గోడమీది రాయికి థ్యాంక్స్ చెప్పింది, పక్కవీధిలో ఉన్న మనిషిని వదిలేసి.

“పిన్నీ...” అంది చివరికి. “నా చదువు మీరిచ్చింది. నాకు తెలీదు పిన్నీ. తెలిస్తే... పోయిన ఎన్నికల్లో నిలబడింది మీరు కాకపోయినా, మావాళ్ళు వీధివీధినా మిమ్మల్ని పట్టుకుని ఏమేం అరిచారో...”

“సంతకం పిన్ని వద్దు, మాట్లాడే అక్క ముద్దు,” అంది పిన్ని టక్కున. “బాగా కుదిరింది నినాదం. నేనూ దానికే ఓటేశాను.”

“అమ్మా!” కాంట్రాక్టరు సోఫాలోంచి లేచాడు. “మనవాళ్ళ మనిషి నిలబడితే నువ్వు...”

“వేశానురా. ఏం, కిటికీలోంచి తలూపడానికి అక్కడెవరున్నారు?”

మెషినక్క ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. పిన్ని కూడా నవ్వింది. నవ్వితే ఆవిడ ముందుపళ్ళ మధ్య చిన్న సందుంటుందని మెషినక్కకి అప్పుడే తెలిసింది. ఆ గోడమీది ఫొటోలో ఆవిడ నవ్వు ఎవరికీ కనిపించదు.

“నువ్వు నాకు థ్యాంక్స్ చెప్పేదేమీ లేదమ్మాయ్, నేనే నీకు చెప్పాలి,” అంది పిన్ని, ఆమె తల నిమిరి. “కౌన్సిల్ మీటింగు టీవీలో వేస్తారుగా. వీడు లేనప్పుడు పెట్టుకుంటా. నువ్వు లేచి మాట్లాడతావు చూడు, ఆ ఛైర్మను కూర్చోమన్నా కూర్చోవు. ఇక్కడ వంటింట్లో నా నోరు కూడా నీతోపాటే కదులుతుంది. నువ్వు ఆగితే, ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అంటాను గరిటె పట్టుకుని. నేను చెయ్యెత్తడం దాకే వెళ్ళగలిగాను. మిగతాది నువ్వు చేశావు. నీకెంత రుణపడ్డానో నీకేం తెలుసు?”

కాంట్రాక్టరు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తండ్రి ఫొటోలు చూస్తున్నాడో, ఆ భుజం చాటున ఉన్న సగం ముఖాన్ని చూస్తున్నాడో తెలీదు. తర్వాత ఇటు తిరిగాడు. మనిషి ముఖంలో ఆ నవ్వు లేదు. అది లేకపోతే అతను తల్లిలా ఉన్నాడు.

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“అడిగావా?”

అతను వచ్చి మెషినక్క ఎదురుగా నిలబడ్డాడు. “అక్కా,” అన్నాడు మెల్లగా, “నువ్వు ఇక్కడే నిలబడు. నేనూ నిలబడతా. జనం ఎవరిని కావాలనుకుంటే వాళ్ళే. సరేనా?” అనేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి జేబులు తడుముకున్నాడు. “ఒక్క నిమిషం... ఫోనేదీ? అమ్మా, నా ఫోను చూశావా?”

“ఏమైంది?” అంది మెషినక్క.

అతను చెప్పేలోపే వీధి మలుపులోంచి ప్రచార బండి పాట వినిపించింది. పాట ఆగింది. మైకు గరగరమంది.

“ప్రియమైన ఓటరు మహాశయులారా! మీ అందరి అభిమాన నాయకురాలు, మన మెషినక్క, ఈ వార్డును మన కాంట్రాక్టరుగారికి సంతోషంగా అప్పగించి, పక్క వార్డు లేడీస్ సీటులో పోటీ చేస్తున్నారని తెలియజేయుటకు...”

మెషినక్క నేలమీద నుంచి లేచి నిలబడింది.

“నువ్వు ఒప్పుకుంటావనే అనుకున్నానక్కా,” అన్నాడు కాంట్రాక్టరు. “పొద్దున పార్టీ ఆఫీసులో చెప్పేశా. వీళ్ళు ఇవాళే బయల్దేరతారని నాకు...”

బండి దగ్గరికొస్తోంది. ఎదురింటి తలుపులు తెరుచుకుంటున్నాయి. గేటు బయట ఆమె భర్త స్కూటరు దిగి, ఇంట్లోకి తొంగిచూస్తున్నాడు, కేక కోసం. మైకు రెండోసారి మొదలుపెట్టింది. ఊరంతా ఒకసారి విన్నాక, కాదని ఎవరికి చెప్పుకుంటూ తిరుగుతుంది? రేపటికల్లా ఎన్ని వీధులు తిరగగలదు?

మెషినక్క గుమ్మం వైపు అడుగు వేసేలోపే పక్కనుంచి ఎవరో దాటి వెళ్ళారు. సంతకం పిన్ని. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. గేటు తోసుకుని వీధి మధ్యకి వెళ్ళి, వస్తున్న బండికి ఎదురుగా నిలబడింది. బండి కీచుమని ఆగింది. లోపలి కుర్రాడు మైకు పట్టుకుని నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. చుట్టుపక్కల ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. ఆవిడ వీధిలో నిలబడగా చూసినవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు.

“ఆ మైకు ఇటియ్యి బాబూ,” అంది పిన్ని.

కుర్రాడు కాంట్రాక్టరు వైపు చూశాడు, ఏం చెయ్యమంటారన్నట్టు. గేటు దగ్గర నిలబడ్డ కాంట్రాక్టరు తలూపలేదు, అడ్డంగానూ తిప్పలేదు.

పిన్ని బండి కిటికీలోంచి చెయ్యిపెట్టి మైకు తనే అందుకుంది. దాన్ని నోటికి ఎంత దూరంలో పట్టుకోవాలో తెలియక ఒకసారి ముందుకీ వెనక్కీ జరిపింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వీధి చివరిదాకా వినిపించింది. ఆవిడ ఏం చెప్పిందో వచ్చే వారం.